విడిదికి పోయిన ముప్పై రెండు దుప్పట్లు

1949 జూన్ ఆరో తేదీ, సోమవారం, ఉదయం ఏడుంబావుకు నా ఉద్యోగం మొదలైంది. ఆసుపత్రి వసారాలోని గడియారం ఐదు నిమిషాలు ముందు నడిచేదని తరువాత తెలిసింది. కాబట్టి ఏడూ పది అనాలి.

ఆ ఆసుపత్రి ఆత్మకూరులో ఉండేది. ఒక పెద్ద రైతు కుటుంబం కట్టించి నడిపిన ధర్మాసుపత్రి. పదహారు మంచాలు, ఒక డాక్టరు, ఒక నర్సు, ఇద్దరు ఆయాలు. ఇప్పుడు అది లేదు, కట్టించిన వారి పేరు నేను రాయను. ఆ ఇద్దరు ఆయాలలో ఒకామె రోగులను చూసేది. రెండోదాన్ని నేను. పక్కలు వేయడం, దుప్పట్లు, తలగడ గలీబులు, పురిటి గుడ్డలు లెక్క చూసి ఉతుక్కు వేయడం, తిరిగి తీసుకోవడం, చిరిగినవి కుట్టడం నా పని. ఆ తరువాత వేరే ఊళ్ళలో పెద్ద పెద్ద ఆసుపత్రులలో 1988 దాకా ఇదే పని చేశాను. వాటి గురించి చెప్పేది పెద్దగా లేదు. నేర్చుకున్నదంతా మొదటి ఐదేళ్ళలోనే నేర్చుకున్నాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే ఆడపిల్లల కోసం రాస్తున్నాను. జీతమెంతో, సెలవులెన్నో మీకు ఆఫీసు వాళ్ళు చెబుతారు. పక్క ఎలా వేయాలో చెప్పరు. దుప్పటి పరచడం కూడా ఒక పనేనా అని నవ్వేవాళ్ళను నా జన్మలో చాలామందిని చూశాను. వాళ్ళను మూడు నెలలు వెల్లకిలా పడుకోబెట్టి, అప్పుడు అడగాలి.

పదకొండు సార్లు

మాది ఉదయగిరి. కోట కింది బజారులో మా నాయనకు గుడ్డల అంగడి ఉండేది. నా పదిహేడో ఏట భర్త విషజ్వరంతో పోయాడు. రెండేళ్ళు పుట్టింట్లో వెనక గదిలో కూర్చున్నాను. ఆత్మకూరు ఆసుపత్రిలో పని ఉందని తెలిసి పోతానన్న రోజున ఇంట్లో పెద్ద రగడ జరిగింది.

"శెట్లింట్లో పుట్టి పురిటి గుడ్డలు, చచ్చినోళ్ళ గుడ్డలు ముట్టుకునేదానికి పోతావంటే?" అన్నాడు నాయన.

"ఈ ఇంట్లో నన్నెవురూ ముట్టుకోవడం లేదు గదా నాయనా. నేను దేన్ని ముట్టుకుంటే మీకేంది?" అన్నాను.

మరునాడు బొగ్గుతో నడిచే బస్సెక్కి ఆత్మకూరులో దిగాను. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు.

ఆసుపత్రి నర్సు ఎస్తేరమ్మ గారు. నెల్లూరు మనిషి, యాభై దాటిన వయసు, తెల్లచీర, చెక్కమొహం. ఖాళీగా ఉన్న ఐదో నంబరు మంచం చూపించి పక్క వేయమంది. వేశాను. నాకు బాగానే ఉందనిపించింది. ఆమె చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనక వైపుతో దుప్పటి మీద తలవైపు నుంచి కాళ్ళవైపు దాకా ఒకసారి తడిమింది. మొత్తం లాగి కింద పడేసింది.

"మళ్ళీ వెయ్యి."

అలా పదకొండు సార్లు లాగి పడేసింది. పన్నెండోసారి లాగలేదు. "పడుకో," అంది. పడుకున్నాను.

"ఏమన్నా గుచ్చుకుంటా ఉండాదా?"

"లేదండీ."

"అబద్ధం. ఎడమ భుజం కింద ఉండాది. అట్నే గంటసేపు పడుకో. కదిలితే మళ్ళీ మొదట్నించీ గంట."

మొదటి పది నిమిషాలు నాకేమీ తెలియలేదు. అరగంటకు భుజం కింద దారం ఉన్నట్టు అనిపించింది. గంటకు ఆ దారం మోకు అయింది. లేచాక రవిక జరిపి చూసుకుంటే ఎర్రటి గీత పడి ఉంది. దుప్పటిలో ఉన్న ముడత వెంట్రుకంత. ఆ గంట నాకు నేర్పినంత తరువాత ఎవరూ నేర్పలేదు. మీ పైవాళ్ళు మిమ్మల్ని ఇలా పడుకోబెట్టకపోతే, మీరే పడుకుని చూసుకోండి.

ఒక్క విషయంలో మాత్రం ఎస్తేరమ్మ గారు నన్ను మెచ్చుకుంది. పరుపు మూలల దగ్గర దుప్పటిని నేను ఏటవాలుగా మడిచి లోపలికి దోపాను. ఎంత లాగినా ఆ మూల ఊడిరాదు.

"ఈ మడత ఎవురు నేర్పినారు నీకు?"

"మా నాయనండీ. అంగట్లో రైకగుడ్డలు పొట్లం కట్టేటప్పుడు అట్నే మడుస్తాడు."

"ఆయన్ని గూడా రమ్మను. ఈడ ఆయనకీ పనుండాది," అంది. ఆమె అక్కడ ఉన్నన్నాళ్ళలో నవ్వగా చూసింది నాలుగు సార్లు. అది మొదటిది.

గంజి

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. దాన్ని దాటి వెళ్ళిపోతే మిగతాది రాసే హక్కు నాకు లేదు.

1950 అక్టోబరులో, కట్టించిన కుటుంబానికి పెద్ద అయిన ధర్మకర్త గారు ఆసుపత్రి చూడటానికి వస్తున్నారని తెలిసింది. దుప్పట్లు పాతబడి మెత్తబడ్డాయి, రంగు కూడా మాసినట్టు కనిపిస్తున్నాయి. నేను అంగట్లో పెరిగినదాన్ని. గుడ్డకు మెరుపు ఎలా తేవాలో తెలుసు. ఎస్తేరమ్మ గారు వారం సెలవు మీద నెల్లూరు వెళ్ళి ఉన్నారు. పదహారు దుప్పట్లకు చిక్కటి బియ్యం గంజి పెట్టించాను, నీలిమందు వేయించాను, ఇస్త్రీ చేయించి పరిచాను. వార్డు వెలిగిపోయింది.

"అబ్బ! పెళ్ళి పందిట్లో పరిచినట్టుండాయే!" అన్నారు ధర్మకర్త గారు. అందరి ముందూ నన్ను పేరు పెట్టి పిలిచి మెచ్చుకున్నారు. ఆ రాత్రి నేను సంతోషంతో అన్నం కూడా సరిగా తినలేదు.

మూడో నంబరు మంచం మీద కలిగిరి వైపు నుంచి వచ్చిన ముసలమ్మ మూడు వారాల జ్వరంతో పడి ఉంది. ఒంటి మీద కండ లేదు, తోలు పల్చబడి ఉంది. గంజి పెట్టిన దుప్పటి అట్టలా ఉంటుంది. కదిలినప్పుడల్లా ఒరుచుకుంటుంది, చెమట పీల్చదు. నాలుగో రోజుకు మోచేతులు, మడమలు ఎర్రబడ్డాయి. తొమ్మిదో రోజుకు నడుము కింద ఎముక మీద రూపాయంత పుండు పడింది. జ్వరం తగ్గింది కానీ పుండు తగ్గలేదు. ఇరవై రెండు రోజులకు ఆమె చనిపోయింది.

ఎస్తేరమ్మ గారు తిట్టలేదు. "చూసేదానికి వేసినావు ఆ పక్క. పండుకునేది నువ్వు గాదు, వాళ్ళు," అని మాత్రం అంది. ముసలమ్మ కొడుకు నాకు దణ్ణం పెట్టి, బాగా చూసుకున్నానని చెప్పి వెళ్ళాడు. పుండు నా గంజి వల్ల వచ్చిందని అతనికి చెప్పే ధైర్యం ఆ రోజు నాకు లేకపోయింది. ఇప్పుడు చెబుతున్నాను. రోగి దుప్పటికి గంజి పెట్టమని ఎంత పెద్దవాళ్ళు చెప్పినా పెట్టకండి.

ఆ తరువాత నేను ఒక పుస్తకం మొదలుపెట్టాను. ఆసుపత్రికి దుప్పట్లు అరవై నాలుగు. లెక్క తేలిక: మంచానికి నాలుగు చొప్పున పదహారు మంచాలకు. ఒకటి మంచం మీద, ఒకటి బీరువాలో, ఒకటి ఉతుకులో, ఒకటి ఆరేసిన తాడు మీద. ప్రతి దుప్పటి మూల ఎర్ర దారంతో నంబరు కుట్టాను. పుస్తకంలో ఒక్కో నంబరుకు ఒక్కో పేజీ. మొదటి గడిలో తేదీ, రెండో గడిలో ఎవరు పడుకున్నారు, ఏమి జబ్బు, పురుడా, చావా. మూడో గడిలో ఎప్పుడు ఉడకబెట్టారు. ఆ పుస్తకం చూసి డాక్టరు గారు నవ్వేవారు. "దుప్పట్లకు జాతకాలు రాస్తుంది మా కామాక్షమ్మ," అనేవారు.

పెంచలయ్య

మా చాకలి పెంచలయ్య. ఆసుపత్రి గుడ్డలు ఉతికే హక్కు వాళ్ళ ఇంటి మిరాశీ. నేను కలిసి పనిచేసిన మనుషుల్లో అంత నిక్కచ్చి మనిషి ఇంకొకరు లేరు. చౌడు మట్టి కలిపిన నీళ్ళలో ముంచి, బాన మీద పేర్చి, తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా ఆవిరి పట్టించేవాడు. నేను ఎన్నిసార్లు రేవుకు వెళ్ళి చూసినా బాన కింద మంట తగ్గినది చూడలేదు. మైల గుడ్డలు వేరే బాన, మామూలువి వేరే బాన. ఆ పద్ధతి నేను చెప్పింది కాదు, అతనే పెట్టుకున్నాడు.

"ఉడికినంక మైల యాడ ఉంటాది సెట్టెమ్మా? మంటకు తెలవదు గదా ఎవురి గుడ్డో," అనేవాడు. నేనూ అదే చెప్పేదాన్ని. వార్డులో పురిటి దుప్పటి మళ్ళీ తన కింద పరచవద్దని ఎవరైనా గొడవ చేస్తే, పుస్తకం మొదలయ్యాక మూడో గడి కూడా చూపించి, ఉడికిన గుడ్డకు మైల లేదని వాదించేదాన్ని. ఐదేళ్ళు వాదించాను.

ఇక ఒక ఆచారం గురించి చెప్పాలి. అది తెలియకపోతే తరువాత జరిగింది అర్థం కాదు. పెద్దింట్లో పెళ్ళయితే మగపెళ్ళివారికి ఇచ్చే బసను విడిది అంటారు. ఆ విడిదిలో పక్కలు వేయవలసింది చాకలి. నలభై యాభై మందికి తెల్లటి దుప్పట్లు చాకలికి ఎక్కడి నుంచి వస్తాయి? ఊరందరివీ అతని దగ్గర ఉతుకులో ఉంటాయి. వాటినే పరుస్తాడు. పెళ్ళయ్యాక మళ్ళీ ఉతికి ఎవరివి వాళ్ళకు ఇస్తాడు. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఎవరి దుప్పటి మీద ఎవరి మేనమామ పడుకున్నాడో చాకలికి ఒక్కడికే తెలుసు.

మస్తాన్‌బీ

1954 మార్చి ఇరవై ఒకటి, ఆదివారం. మా ఉదయగిరి నుంచి ఎద్దుల బండిలో ఒక అమ్మాయిని తెచ్చారు. పేరు మస్తాన్‌బీ, ఇరవై రెండేళ్ళు. భర్త ఖాదర్ చెక్క గరిటెలు చెక్కేవాడు. అతనికి కర్ర తేవడానికి ఈమె కొండెక్కి, మోపుతో సహా జారి బండల మీద పడింది. తుంటి ఎముక రెండుచోట్ల విరిగింది. ఏడో నంబరు మంచం మీద పడుకోబెట్టాం.

డాక్టరు గారు చూసి, "పన్నెండు వారాలు. కదలకుండా పండుకుంటే ఎముక దానంతటదే అతుక్కుంటాది," అన్నారు. తరువాత నన్ను వసారాలోకి పిలిచి రెండో సగం చెప్పారు. "ఎముకతో భయం లేదు కామాక్షమ్మా. వీపుతోనే. పుండు పడిందంటే చీము ఎముకలోకి పోతాది. అప్పుడిక నా చేతిలో ఏమీ ఉండదు."

పన్నెండు వారాలంటే ఎనభై నాలుగు రోజులు. జూన్ పదమూడు దాకా. ఆ అమ్మాయి బతకడం, చావడం ఎముక వల్ల కాదు, దుప్పటి వల్ల తేలాలి. అప్పటికి ఎస్తేరమ్మ గారు పని విరమించి నెల్లూరు వెళ్ళిపోయారు. కొత్త నర్సు ఇంకా రాలేదు. ముసలమ్మ పుండు నా కళ్ళ ముందు ఉంది. ఈమెకు పుండు పడనివ్వకూడదని నిర్ణయించుకున్నాను.

పక్కకు తిప్పలేని రోగికి దుప్పటి మార్చే పద్ధతి వేరు. కొత్త దుప్పటిని తలవైపు అడ్డంగా చుట్టగా చుట్టి పెట్టుకోవాలి. ముగ్గురు మనుషులు రోగిని భుజాల దగ్గర, నడుము దగ్గర, కాళ్ళ దగ్గర ఒకేసారి రెండంగుళాలు ఎత్తాలి. పాతదాన్ని కాళ్ళవైపు చుట్టుకుంటూ పోతుంటే కొత్తది దాని వెంట విప్పుకుంటూ రావాలి. నడుము కింద అడ్డగుడ్డ విడిగా మార్చాలి. తరువాత చెయ్యి తిరగేసి తడమాలి. అరచేయి కాయలు కాసి ఉంటుంది, దానికి ముడత తెలియదు. రోటీ ముక్క, వెంట్రుక, ఇసుక రేణువు, ఏదీ ఉండకూడదు. రెండు గంటలకొకసారి వీపు కింద చెయ్యి పోనిచ్చి స్పిరిటు రాసి పౌడరు అద్దాలి.

మస్తాన్‌బీ నోరు మంచిది కాదు. నాకు నచ్చింది కూడా అదే.

"ఏంది అక్కా, గంటకోతూరి తడుముతా ఉండావు? నా కింద ఏమన్నా బంగారం దాచిపెట్టినావా?"

"నీ నోట్లోంచి రోటీ ముక్కలు రాల్తా ఉండాయి. అవి ఏరుకుంటా ఉండాను."

"మా ఆయన గరిటె చెక్కినంక ఇట్నే తడుముతాడు. ఆయన చూపు నా మీద గంటకోతూరి పడింది మాత్రం లేదు."

ఏప్రిల్ చివరికి ఎండలు ముదిరాయి. చెమటకు ఆమె పక్క ఒక్కదానికే రోజుకు నాలుగు దుప్పట్లు పట్టేవి. మే పదకొండు నాటికి యాభై ఒక్క రోజులు గడిచాయి. ఆమె వీపు మీద గోరంత ఎరుపు కూడా లేదు.

మంగళవారం

మే పదకొండు, మంగళవారం ఉదయం పెంచలయ్య ముప్పై రెండు దుప్పట్లు తేవాలి. ఖాళీ గాడిదతో వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు.

"దుప్పట్లేవి పెంచలయ్యా?"

"ధర్మకర్త గారి కూతురు పెండ్లి సెట్టెమ్మా. గురువారం. మగపెండ్లోళ్ళు రేపే దిగతారు. నలభై పక్కలు గావాలన్నారు. ఊళ్ళో అందరియ్యీ కలిపినా ఎనిమిదికి మించి తెల్లయి లెవ్వు."

"అందుకని ఆస్పత్రివి పరిచినావా?"

"గుమస్తా వచ్చి రేవులోంచే ఎత్తకపొయినాడు. నన్ను అడిగేది యాడుండాది? అయిదు దినాల పెండ్లి. ఆడికి మా ఇంటిల్లిపాదీ పోవాల. ఆదివారం దాకా బాన గూడా పెట్టలేను."

నేను అక్కడే లెక్క వేసుకున్నాను. బీరువాలో మిగిలినవి పదహారు. మస్తాన్‌బీకి రోజుకు నాలుగు. పురిటి మనుషులు ఇద్దరికి మూడేసి చొప్పున ఆరు. మిగతా పదమూడు మంచాల మీద అసలు మార్చకపోయినా, రోజుకు పది. పదహారు దుప్పట్లు ఒకటిన్నర రోజుకు. పెళ్ళి ఐదు రోజులు. మీరే ఉడకబెట్టుకోవచ్చు కదా అనేవాళ్ళున్నారు. వైశాఖంలో ఆసుపత్రి బావిలో పొద్దున నాలుగు బిందెలు, సాయంత్రం మూడు బిందెలు ఊరేవి. అవి తాగడానికే చాలేవి కావు.

మధ్యాహ్నం రెండు గంటలకు ధర్మకర్త గారి గుమస్తా సుబ్బరామయ్య వచ్చాడు. విడిదికి ఇంకా కొందరు ఎక్కువ వస్తున్నారట. బీరువాలో ఉన్న పదహారు కూడా కావాలట.

"ఇయ్యను," అన్నాను.

"నాలుగు దినాలు చాపల మీద పండుకుంటే సచ్చిపోతారా జబ్బు మనుషులు? ఇండ్లల్లో దుప్పట్ల మీదనే పండుకుంటారా ఈళ్ళు?"

"సచ్చిపోతారు. ఏడో నంబరు మంచం మీద అమ్మాయి సచ్చిపోతాది. ఆ తీసకపొయిన ముప్పై రెండు గూడా రేపు పొద్దునకి రావాల."

"ఏంది సెట్టెమ్మా, ఆ దుప్పట్లు ఎవురివనుకుంటా ఉండావు? అయ్యగారు కొనిచ్చినయ్యి."

"ఇచ్చినారు గదా. ఇచ్చినంక ఆయనవి ఎట్లయితాయి?"

అతను డాక్టరు గారి గదిలోకి వెళ్ళాడు. కాసేపటికి డాక్టరు గారు నన్ను పిలిచారు. మంచి వైద్యుడు, భయస్థుడు. "తాళాలిచ్చెయ్ కామాక్షమ్మా, వాళ్ళతో మనకెందుకు," అన్నారు.

ఒక తెల్ల కాగితం ఆయన ముందు పెట్టాను. "ఏడో నంబరు రోగికి వీపు పుండు పడితే బాధ్యత నాదే అని రాసి సంతకం పెట్టండి. తాళాలిస్తాను."

ఆయన కాగితం వైపు చూశారు. కలం తీయలేదు. గుమస్తా వైపు తిరిగి, "అయ్యగారితో నేను తరువాత మాట్లాడతానని చెప్పు," అన్నారు. తాళాలు నా నడుముకే ఉన్నాయి. కానీ ముప్పై రెండు రాలేదు. బుధవారం పొద్దున కూడా రాలేదు. మధ్యాహ్నం మూడు గంటలకు బీరువాలో మూడు దుప్పట్లు మిగిలాయి. మస్తాన్‌బీ వీపు తడిమితే కుడి పక్కన బఠాణీ గింజంత ఎరుపు తగిలింది. వేలితో నొక్కితే తెల్లబడింది. అంటే ఇంకా సమయం ఉంది. నొక్కినా తెల్లబడకపోతే సమయం అయిపోయినట్టు. ఇది గుర్తుంచుకోండి.

నా పుస్తకం తీసుకుని బయల్దేరాను.

విడిది

నేను వితంతువును. పెళ్ళివారి విడిదిలోకి అలాంటిది అడుగుపెట్టదు. ఎదురొస్తేనే వెనక్కి తిరిగి వెళ్ళే రోజులవి. సరిగ్గా నాలుగు గంటలకు వీధి తలుపులోంచే లోపలికి వెళ్ళాను.

పెద్ద మండువా ఇల్లు. వరసగా మంచాలు, మంచాల మీద నా దుప్పట్లు. మగపెళ్ళివారు భోజనాలు చేసి కొందరు పడుకున్నారు, కొందరు ఆకువక్క వేసుకుంటున్నారు. పక్కలు మాత్రం ఎలా వేశారు! మూలలు వేలాడుతున్నాయి, మధ్యలో గుంటలు. ఆ కోపంలో కూడా నాకు అది కనిపించింది.

మొదటి మంచం దగ్గర లావుపాటి పెద్దమనిషి పడుకుని ఉన్నాడు. పెళ్ళికొడుకు మేనమామ అని తరువాత తెలిసింది. ఆయన కాళ్ళ దగ్గర దుప్పటి మూల తిరగేసి ఎర్ర నంబరు చూశాను. పుస్తకం తెరిచి గట్టిగా చదివాను.

"పన్నెండో నంబరు. ఏప్రిల్ ఇరవై ఏడు. తొమ్మిదో మంచం. విరేచనాలతో వచ్చిన ముసలాయన. రెండు దినాలకు ఈ దుప్పటి మీదనే ప్రాణం పోయింది."

ఆయనకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "ఏందమ్మే నువ్వనేది? యా దుప్పటి?"

"మీ కింద ఉండేది."

ఆ శరీరం అంత వేగంగా లేస్తుందని నేను అనుకోలేదు. పట్టుపంచె చేత్తో పట్టుకుని "శవం పక్కరా! శవం పక్క వేసినార్రా నాకు!" అని అరుస్తూ బావి దగ్గరకు పరుగెత్తాడు. రెండో మంచానికి వెళ్ళాను.

"ముప్పై మూడు. మే మూడు. పురుడు. బిడ్డ అడ్డం తిరిగింది."

మూడో మంచం దాకా వెళ్ళేసరికి ఎవరూ పడుకుని లేరు. ఆడవాళ్ళు లోపల నుంచి వచ్చారు. ఒక పెద్దావిడ నా బోసి మెడ, నుదురు చూసి ముక్కు మీద వేలేసుకుంది. "ముండమోసిన దాన్ని విడిదిలోకి రానిచ్చినోళ్ళెవురు? అది చదివేదేంది?"

ధర్మకర్త గారు వచ్చారు. మూడున్నరేళ్ళ కిందట నన్ను పేరు పెట్టి మెచ్చుకున్న మనిషి. ఇప్పుడు మాట తడబడుతోంది.

"నీ బుద్ధి చెడిందా? నా బిడ్డ పెండ్లి!"

"మీ బిడ్డ పెండ్లి రేపు జరగతాది. నా ఏడో మంచం అమ్మాయికి రేపు దాకా టైం లేదు. దుప్పట్లిస్తే పోతాను. లేకుంటే ముప్పై రెండు పేజీలూ చదివే పోతాను."

"ఎత్తకపో! ఎత్తకపో!" అన్నది ఆయన కాదు, మగపెళ్ళివారి పెద్దావిడ. ఆ దుప్పట్లు తాకడానికి అక్కడ ఎవరికీ ధైర్యం లేదు. పెంచలయ్యను పిలిచారు. అతను నా మొహం చూడకుండా ఒక్కొక్కటే మడిచాడు. గడప దాటకముందే నిలబడి లెక్కపెట్టుకున్నాను. ఇరవై తొమ్మిది. మూడు దొరకలేదు.

నేను చదివిన ప్రతి మాటా నిజం. ఉడకబెట్టిన తేదీలు ఆ పక్క గడిలోనే ఉన్నాయి. ఒక్కటి కూడా చదవలేదు. ఉడికిన గుడ్డకు మైల లేదని ఐదేళ్ళు వాదించినదాన్ని, ఆ రోజు మైల భయాన్నే అడ్డం పెట్టుకుని గెలిచాను. అది న్యాయమా అని మీరు అడగవచ్చు. ఐదున్నరకు మస్తాన్‌బీ కింద, వాటిలో ఎవరూ పడుకోని దుప్పటి పరిచాను. బఠాణీ గింజంత ఎరుపు శుక్రవారానికి పోయింది. మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ అదే చదువుతాను.

తోడు

పద్నాలుగో తేదీ, శుక్రవారం సుబ్బరామయ్య వచ్చి ఇక పనిలోకి రావద్దన్నాడు. తాళాలు, లెక్క అప్పజెప్పి సంతకం తీసుకున్నాను.

మస్తాన్‌బీ అంతా వింటూనే ఉంది. "నువ్వు పోతే ఇంక ముప్పై దినాలు నన్నెవురు తడుమతారక్కా?" అంది. నవ్వించాలనే అంది కానీ నా కొంగు వదల్లేదు.

రోగికి తోడుగా ఒక ఆడమనిషి వార్డులో ఉండవచ్చని ఆసుపత్రి నియమం. ఆ మధ్యాహ్నం ఖాదర్ రిజిస్టరులో రాయించాడు: ఏడో మంచం, తోడు, అక్క, కామాక్షమ్మ. డాక్టరు గారు ఆ పేరు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. సంతకం పెట్టారు. ఆయన చేసిన ధైర్యమైన పని నేను చూసింది అదొక్కటే. చాలు.

ముప్పై రోజులు తోడుగా ఉండి పక్క వేశాను. జూన్ పదమూడు, ఆదివారం ఉదయం ఆమెను నిలబెట్టాం. మంచం కమ్మీ పట్టుకుని మూడు అడుగులు వేసింది. కుంటుతోంది.

"ఒక కాలు పొట్టిదయిందక్కా. మా ఆయన ఇంక నన్ను దొంగచాటుగా కొట్టలేడు, నేను ఎటు ఒరగతానో ఆయనకు తెలవదు," అంది. ఖాదర్ సిగ్గుపడి బయటికి వెళ్ళాడు.

నేను ఉదయగిరి బస్సు కోసం నిలబడినప్పుడు పెంచలయ్య కనిపించాడు. భార్య నెత్తిన మూటతో దూరంగా నిలబడి ఉంది. కలిగిరికి పోతున్నామన్నాడు. ధర్మకర్త గారు అతన్ని మాన్పించారు. ఆయన మాన్పించాక మిగతా ఇళ్ళ వాళ్ళూ ఒక్కొక్కరే మాన్పించారు. శవం గుడ్డలు పెళ్ళికి పరిచే చాకలి అని పేరు పడింది. అతని తాత నాడు రేవులో వేసుకున్న బండ మీద ఇప్పుడు ఇంకెవరో ఉతుకుతున్నారు.

"నువ్వు చదివింది నిజమే సెట్టెమ్మా. నేను ఉడకబెట్టింది గూడా నిజమే గదా. అది ఎందుకు చదవలా?"

చదివితే దుప్పట్లు వచ్చేవి కావని అతనికీ తెలుసు. ఆ మాట నేను అనలేదు. క్షమించమని కూడా అడగలేదు. బస్సు వచ్చింది.

గెలిచినదాని లెక్క పైన రాశాను. పోయినవాటి లెక్క ఇది.

ఆసుపత్రి దుప్పట్లు మూడు: ఏడు, పంతొమ్మిది, నలభై ఒకటి నంబర్లు.

ధర్మకర్త గారి అమ్మాయి పెళ్ళి: పోలేదు. ముహూర్తానికే జరిగింది. అత్తవారింట్లో ఆమెకు ఆ దుప్పట్ల దెప్పు పదేళ్ళకు పైగా తప్పలేదని విన్నాను.

నా ఉద్యోగం: నాలుగేళ్ళ పదకొండు నెలల ఎనిమిది రోజులు చేసినది.

మస్తాన్‌బీ: ఎడమ కాలిలో ముప్పావు అంగుళం.

పెంచలయ్య: ఆత్మకూరులో ఇళ్ళు ఇరవై రెండు, ఆసుపత్రి ఒకటి, రేవులో బండ ఒకటి.